ఇంజను మీద గాట్లు

మొన్న ఆదివారం మీరిద్దరూ కోయంబత్తూరు నుంచి వీడియో కాల్ చేసి, ఫోను అటూ ఇటూ తిప్పుతూ మన పాత డీజిల్ ఇంజనుని చూపించారు గదా, అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. పోయిన వేసవిలో మీరు వచ్చి, గొడ్ల చావిట్లో మూలన పడి ఉన్న ఆ ఇనపముద్దని లారీ మీద వేసుకుపోయి నడిపించి చూస్తామంటే, ముచ్చట పడుతున్నారు పోనీలే అనుకున్నాను. దాన్ని మీరు విప్పుతారనీ, విప్పితే లోపల ఏముంటుందో నాకు గుర్తొస్తుందనీ అప్పుడు తోచలేదు.

అమ్మాయేమో ఆయిలు సీలు ఊడి రావడం లేదని విసుక్కుంది. అబ్బాయేమో ఫోనుని ఇంజను పక్కకి జరిపి, షాఫ్టు బయటికొచ్చే గుండ్రటి కన్నం అంచు మీద మూడు నాలుగు గాట్లు చూపించి, ఎవరో ఉలితో కొట్టినట్టుంది, ఎవరు నాయనమ్మా అని అడిగాడు. నేను ఆలోచించకుండా, ఏమోరా, ఎలకలు కొరికాయేమో అన్నాను. మీరు ఎంతసేపు నవ్వారో. మన ఊరి ఎలకలకి మిరపకాయలు తినీ తినీ పళ్ళు ఉక్కులాగా అయ్యాయన్నమాట అని వాడు, అది విని ఇంకా పడీ పడీ నవ్వుతూ అమ్మాయి. నేనూ మీతోపాటు నవ్వి ఫోను పెట్టేశాను. పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించి, ఎందుకు వెలిగించానో తెలియక మళ్ళీ ఆర్పేసి, పీట వాల్చుకుని కూర్చున్నాను. ఆ మాట నోటికి ఎట్లా వచ్చిందా అని. అది నా మాట కాదు. ఆ మాట మా చిన్నత్తయ్యది.

మీకు ఆవిడ తెలియదు. మీరు పుట్టేనాటికే పోయింది. మా మామగారి తమ్ముడి భార్య ఆవిడ. మామగారంటే మీ తాతయ్య వాళ్ళ నాన్న. నేను కాపురానికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ వేరుపడి ఉన్నారు గానీ, పొలాల మధ్య బావీ, ఆ బావి మీద ఇంజనూ ఉమ్మడివే. అద్దంకి వెళ్ళే రోడ్డు దిగి పుంత దారిన నడిస్తే మన మిరప చేను, దాన్ని ఆనుకుని వాళ్ళ చేను, రెండిటికీ నడుమ తాటాకు పాకలో ఇంజను. దానికి ఒక పక్క పెద్ద చక్రం, ఆ చక్రం నుంచి పంపుకి బెల్టు. ఇప్పుడు మీట నొక్కితే మోటారు మోగినట్టు కాదు, హ్యాండిలు పెట్టి ఒక మనిషి ఒళ్ళంతా బిగబట్టి తిప్పితే గానీ అందుకునేది కాదు. అందుకున్నాక దాని చప్పుడు ఊళ్ళోకి వినపడేది. వంట చేసుకుంటూనే చెప్పగలిగేవాళ్ళం, ఇది మన ఇంజను, అది ఫలానా వాళ్ళదని. నా ఈడు వాళ్ళని అడగండి, ఇప్పటికీ గుర్తుపడతారు.

ఒక వారం మా వంతు, ఒక వారం వాళ్ళ వంతు. వేరుపడ్డప్పుడు పెద్దమనుషుల ముందు మామగారే ఒక కట్టుబాటు పెట్టారట. ఎవరి వంతులో ఇంజను ఆగితే వాళ్ళే బాగుచేయించుకోవాలి, ఎదుటివాళ్ళ వంతు మొదలయ్యేనాటికి నడుస్తున్న ఇంజనుని అప్పజెప్పాలి, అప్పజెప్పలేకపోతే తమ తరవాతి వంతు వదులుకోవాలి. అన్నదమ్ములు ఇద్దరూ కాళ్ళూ చేతులూ ఆడుతున్నప్పుడు అది న్యాయంగానే ఉండేది. చిన్నమామగారు జ్వరం తగిలి ఉన్నట్టుండి పోయాక, చిన్నత్తయ్యా, ఇద్దరు ఆడపిల్లలూ మిగిలాక కూడా ఆ కట్టుబాటు అట్లాగే ఉండిపోయింది. మార్చమని ఆవిడ అడగలేదు. మారుద్దామని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే మీకు ఇదంతా అర్థం కాదు. ఆ రోజుల్లో తమ్ముడి భార్య బావగారి ఎదట పడకూడదు, ఆయన వినేట్టు గొంతెత్తకూడదు. పనిబడి ఎదురైతే కొంగు నెత్తిన లాక్కుని పక్కకి తప్పుకునేది. ఆయనా ఆమెతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఒకే గట్టు మీద అటొకరూ ఇటొకరూ నిలబడి ఉన్నా సరే, నన్ను మధ్యలో పెట్టుకుని, చిన్నత్తతో ఇట్టా చెప్పమ్మా అని ఆయనా, మీ మామగారికి అట్టా చెప్పు అని ఆవిడా. ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతూనే ఉండేది, అయినా నేను తిరిగి చెప్పేదాకా విననట్టే ఉండేవాళ్ళు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తరవాత అలవాటైపోయింది. అన్నేళ్ళలో మామగారు ఆవిడ గొంతు తనకోసం పలికితే విని ఎరగరు.

మామగారు చెడ్డమనిషి అనుకోకండి. గట్టు తగాదా వస్తే ఊరు ఊరంతా ఆయన్ని పిలుచుకెళ్ళి హద్దు కొలిచే తాడు పట్టించేది. ఆయన పాతించిన రాయిని ఎవరూ కదిపేవాళ్ళు కాదు. అట్లాంటి మనిషి ఇంటికి కోడలిగా వచ్చానని మా పుట్టింటివాళ్ళు సత్తెనపల్లిలో ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో.

ఆ ఏడు వానలు ముందే ముఖం చాటేశాయి. పత్తి మొదటి తీతకి వచ్చింది, మిరప పూత మీద ఉంది. పూత మీదున్న మిరపకి తడి అందకపోతే మీకు తెలుసా ఏమవుతుందో? పొద్దున చూస్తే చెట్టు కింద తెల్లగా రాలి ఉంటుంది పువ్వు, ముగ్గుపిండి చల్లినట్టు. అప్పుడు మా వంతు నడుస్తోంది. మీ తాతయ్యది పత్తి మిల్లులో గుమాస్తా పని, ఆదివారాలు తప్ప ఇంటికొచ్చేవారు కాదు, అందుకని ఇంజను దగ్గర మామగారే. ఒక పొద్దున ఆయన చేలోనుంచి హడావుడిగా వచ్చి, పాత గుడ్డ పీలిక ఏదన్నా ఉంటే ఇయ్యమ్మా, పొడుగ్గా ఉండాలి అన్నారు. బొంత కుట్టడానికి తీసి పెట్టిన పాత చీర ఒకటి ఉంటే దాని అంచు దగ్గర పళ్ళతో కొరికి, బర్రున ఒక పీలిక చించి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. మామగారిని కోడలు ఎందుకని అడగడం ఉండేది కాదు. పోతూ పోతూ ఆయన గూట్లోని బట్టల సబ్బు ముక్క కూడా పట్టుకుపోయారు. చేతులు కడుక్కోవడానికనుకున్నాను.

ఆ చీర గురించి కూడా చెప్పాలి. వంకాయ రంగు మీద పసుప్పచ్చ గళ్ళు, చీరాల నేత. నేను కొత్తగా వచ్చినప్పుడు చిన్నత్తయ్యా చిన్నమామగారూ నన్ను భోజనానికి పిలిచి పెట్టిన చీర అది. దానికోసం వాళ్ళిద్దరూ బస్సెక్కి చీరాల దాకా పోయి వచ్చారట. ఈ రంగు మీ చిన్నమామ ఏరాడు, నేనైతే ఎరుపు తెద్దామన్నాను అని ఆవిడ నాతో ఎన్నిసార్లు అన్నదో. ఎంత మెత్తటి నేతంటే, చిరుగులు పట్టాక కూడా పారేయబుద్ధి కాక బొంతకని దాచాను.

మా వంతు పూర్తయింది, వాళ్ళ వంతు మొదలైంది. మొదలైన మర్నాడే ఇంజను ఆగింది. ఆగడం అంటే, చిన్నత్తయ్యే ఆపింది. పాకలోనుంచి నల్లటి పొగ రావడం చూసి మళ్ళలోనుంచి పరిగెత్తుకొచ్చి ఆపకపోయి ఉంటే లోపల అంతా పట్టేసేదని తరవాత అన్నారు. ఆయిలంతా షాఫ్టు పక్కనుంచి కారిపోయి, బెల్టు మీద పడి, పాక నేలంతా నల్లగా మడుగు కట్టింది. సగం చేను తడిసింది, సగం చేను పొడిగానే ఉంది. ఆ సగంలోనే పూత ఎక్కువ.

ఆవిడ పిల్లల్ని మా ఇంట్లో దింపి, అద్దంకి బస్సెక్కి, అక్కడ వర్కుషాపులో పనిచేసే తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మర్నాడు పొద్దున్నే దిగింది. ఆయన నాకు బాబాయి వరస. మామగారికి బావమరిది. మీకు తెలుసుగా మన వైపు బావా బావమరుదులు కలిస్తే ఎట్లా ఉంటుందో, నోరు మూతపడదు. వీళ్ళిద్దరూ మరీను. పండక్కి కలిస్తే ఒకరి ముక్కు మీద ఒకరు, ఒకరి పీనాసితనం మీద ఒకరు, అరుగు మీద కూర్చుని అంటూనే ఉండేవాళ్ళు, మేం వంటింట్లో కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ పూట వాళ్ళకి అన్నం క్యారియర్ నేనే పట్టుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్ళూ మగవాళ్ళూ కొందరు పాక చుట్టూ చేరి ఉన్నారు, చక్రం దింపడానికి సాయం పట్టి, దింపాక వేడుక చూస్తూ అక్కడే చతికిలబడ్డారు. చిన్నత్తయ్య పాక గోడ వెనక, తాటాకు సందులోనుంచి చూస్తూ నిలబడి ఉంది, నెత్తిన కొంగుతో. ఎందుకంటే మామగారు లోపల ఉన్నారు. ఆయన వంతు కాదు, ఆయన పని కాదు, అయినా పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారట.

చక్రం తీశాక సీలు కనపడుతుంది. అమ్మాయికి చెప్పక్కర్లేదు గానీ అబ్బాయి కోసం చెబుతున్నాను, షాఫ్టు ఇంజను ఒంట్లోనుంచి బయటికొచ్చే చోట, లోపలి ఆయిలు బయటికి రాకుండా కన్నంలో బిగించిన ఉంగరం లాంటిది అది, లోపల రబ్బరు, పైన రేకు. మామూలుగా రెండు పక్కలా స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే వచ్చేస్తుంది. ఇది రాలేదు. దాని మీద నల్లగా, గట్టిగా, మాడిన పెచ్చులాగా ఏదో పట్టేసి ఉంది. బాబాయి గోటితో గీరి చూసి, ఇదేందక్కా, సీలు మీద ఎవరో అట్టు పోసి మాడబెట్టారు అని గోడ వైపు తిరిగి అరిచాడు. పత్తి తీసేవాళ్ళు గొల్లున నవ్వారు.

మామగారు నవ్వలేదు. పాతబడి గట్టిపడింది, కదిలించమాక, పైన కాస్త గ్రీజు పట్టించి నడిపెయ్యి, ఈ వంతు గడిచిపోద్ది అన్నారు.

బాబాయి కిరసనాయిలు పోసి నానబెట్టాడు. కాసేపు ఆగి ఎత్తాడు. రాలేదు. చేత్తో తిప్పే డ్రిల్లుతో రేకుకి రెండు చిన్న బెజ్జాలు వేసి, వాటిలో మరలు బిగించి, మరల తలలు పటకారుతో పట్టుకుని కాలు ఇంజనుకి తన్నిపెట్టి లాగాడు. మరలు ఊడొచ్చాయి, సీలు రాలేదు, ఆయన వెనక్కి వెళ్ళి ఆయిలు మడుగులో కూర్చున్నాడు. మళ్ళీ నవ్వులు. ఆయనకి పట్టుదల పెరిగింది. ప్రతి ప్రయత్నానికీ మామగారు ఒక అడుగు ముందుకొచ్చి ఏదో ఒకటి అంటున్నారు. షాఫ్టు మీద గీత పడిందంటే కొత్త సీలు వేసినా ఆయిలు కారుద్ది, వదిలెయ్యి అన్నారు. మా వంతులో చూసుకుంటాలే అన్నారు. ఆ చివరి మాటకి గోడ వెనక చిన్నత్తయ్య కళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. ఆ కట్టుబాటు పుట్టాక మామగారి నోట అట్లాంటి మాట రావడం అదే మొదలు. ఆవిడ దాన్ని దయ అనుకుందని నాకనిపిస్తుంది. ఆ కళ్ళలో కనపడింది అదే.

బాబాయి మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మామగారి వంక ఎగాదిగా చూశాడు.

"ఏం బావా, పన్ను పీకించుకునేవాడి మాదిరి మొహం అట్టా పెట్టావేంది? పీకేది నీ పన్ను కాదుగా, ఇంజను సీలు."

ఇంకో రోజైతే మామగారు దానికి రెండింతలు బదులిచ్చేవారు. ఆ రోజు ఇంజను వంకే చూస్తున్నారు. ఆయన మొహం చెమటతో తడిసి ఉంది, గాలి చల్లగానే ఉంది. అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు. ఎండకి తల తిరుగుతోందేమో, మజ్జిగ ఇద్దామా అని చూస్తున్నాను.

బాబాయి సన్నటి ఉలి తీశాడు. సీలు రేకు అంచుని షాఫ్టుకి తగలకుండా లోపలికి, లోపలికి మడుచుకుంటూ వచ్చాడు, ఒక పక్క మడిస్తే రెండో పక్క పట్టు దానంతటదే వదులుతుందట. అమ్మాయీ, నువ్వు కూడా అట్లాగే చెయ్యి, లాగే ముందు మడువు. అది వదులవుతూ ఉండగా, మడత సందులోనుంచి ఏదో దారం పోగు లాంటిది బయటికి తొంగి చూసింది. మామగారు చాలు ఆపరా అని ఒక్క అరుపు అరిచారు. ఆ అరుపుకి బాబాయి చెయ్యి అదిరి ఉలి జారి కన్నం అంచు మీద ఠంగు ఠంగున పడింది. మీరు చూసిన గాట్లు అవే.

బాబాయి ఒకసారి మామగారి వంక, ఒకసారి చేతిలోని ఉలి వంక చూసుకుని, ఆ పోగుని పటకారుతో పట్టుకుని లాగాడు. సీలు ముద్దగా ఊడొచ్చింది. దానితోపాటు గుడ్డ. షాఫ్టు చుట్టూ చుట్టుకుని, సబ్బూ గ్రీజూ కలిసి మాడి రాయిలాగా అయిన గుడ్డ, కండె నుంచి నూలు లాగినట్టు లాగుతుంటే వస్తూనే ఉంది. కారే చోట దాన్ని దోపి, సబ్బు పులిమి, కొన్నాళ్ళు కారకుండా ఆపారు. వేడికి అది బిగుసుకుపోయి లోపలి రబ్బరుని కోసేసింది. అంత మటుకు అక్కడున్న అందరికీ అర్థమైంది. పైన నల్లగా ఉన్నా, మడత విప్పేసరికి లోపలి పక్క మసి అంటలేదు. వంకాయ రంగు. పసుప్పచ్చ గళ్ళు.

నా పళ్ళ గాటు కూడా ఆ అంచున ఉన్నట్టే అనిపించింది. పొద్దుటినుంచీ మామగారి మొహం ఎందుకట్లా ఉందో, సబ్బు ముక్క ఏమైందో, మా వంతులో చూసుకుంటాననే మాట ఎక్కడినుంచి వచ్చిందో అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మా వంతు గడిచేదాకా ఆగితే చాలని, చెడబోయే ఇంజనుని వాళ్ళ వంతులోకి నెట్టారు. అదీ ఎవరి వంతులోకి! నా చేతిలోని క్యారియర్ కింద పెట్టి, ఆ గుడ్డని లాక్కుని బావిలో పారేద్దామని చెయ్యి చాపాను కూడా.

బాబాయి దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆయన గొంతులో ఇప్పుడు పరాచికం లేదు. ఇది ఎవరో కావాలని దోపిన గుడ్డ అక్కా, సబ్బు కూడా కూరారు, చెప్పు ఎవరో అన్నాడు. పత్తి తీసేవాళ్ళంతా చూస్తున్నారు. వాళ్ళు ఆ సాయంత్రం ఊళ్ళోకి పోయేవాళ్ళే. మామగారు పాక గుంజ పట్టుకుని నిలబడ్డారు, గట్టు తగాదాల్లో తాడు పట్టే చేత్తోనే.

అప్పుడు చిన్నత్తయ్య గోడ వెనకనుంచి లోపలికి వచ్చింది. బావగారు ఉన్న చోటికి, ఎదురుగా. నేను చాపిన చేతిని దాటి ఆ గుడ్డ అందుకుంది. మడత కొంచెం విప్పి చూసింది. దాని మీద బొటనవేలు ఒకసారి రాసింది, బట్టల కొట్లో రంగు పోతుందేమోనని చూస్తాం చూడండి, అట్లా. తరవాత తలెత్తి నా వంక చూసింది. నేను చూపు దించేశాను. ఆవిడ మామగారి వంక చూడలేదు, తమ్ముడి వంకే తిరిగి, పాకలో ఉన్న అందరికీ వినపడేట్టు అన్నది.

"ఎలకలు లాక్కొచ్చుంటాయిలేరా తమ్ముడూ. పాకలో ఎలకలు ఎక్కువైనాయి. కొత్తది వెయ్యి, పొద్దు పోతావుంది."

"సబ్బు పూసుకొచ్చే ఎలకలా అక్కా?"

"నువ్వు వెయ్యరా."

ఎవరూ నవ్వలేదు. అందాకా ప్రతిదానికీ నవ్విన వాళ్ళు కూడా నవ్వలేదు. పత్తి తీసే ముసలావిడ ఒకామె లేచి, రండే పొద్దెక్కింది అని తక్కినవాళ్ళని చేలోకి తోలుకుపోయింది. చిన్నత్తయ్య ఆ పీలికని మడిచి బొడ్లో దోపుకుంది. మామగారు గుంజ వదిలి, చెప్పులు కూడా అక్కడే మర్చిపోయి, గట్టు మీదుగా ఇంటి దారి పట్టారు. మరదలి గొంతు ఆయన కోసం మొదటిసారి పలకడం అట్లా జరిగింది. తిట్టి ఉంటే భరించేవారేమో. చెప్పులు నేను తెచ్చి అరుగు కింద పెట్టాను.

బాబాయి కొత్త సీలుకి ఆయిలు రాసి, చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాడు. మధ్యాన్నం దాటాక ఇంజను అందుకుంది. ఆ చప్పుడు మా ఇంటికి వినపడుతూనే ఉంది. మామగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. మా అత్తయ్య, మీ తాతయ్య వాళ్ళమ్మ, అన్నానికి లేపబోతే వద్దన్నారు. నేను అత్తయ్యతో ఏమీ చెప్పలేదు. ఆదివారం మీ తాతయ్య వస్తే ఆయనతోనూ చెప్పలేదు. కానీ ఊరు చెప్పకుండా ఉంటుందా? ఎవరూ మా ముఖం మీద అనలేదు గానీ, బియ్యం చెరుగుతున్న చోటికో, పాలు పోయించుకునే చోటికో నేను వెళ్ళేసరికి మాట తెగిపోయేది. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. నేను చేసిందేమీ లేదు, అడిగితే గుడ్డ ఇచ్చాను, అంతే. అయినా ఆ సిగ్గు ఒంటికి పట్టుకుంది, మిరపకాయలు తొడిమలు తీసిన చేతికి మంట పట్టినట్టు, ఎన్నిసార్లు కడిగినా.

చిన్నత్తయ్య చేను సగం పూత రాల్చుకుంది. తక్కిన సగం నిలబడింది.

కొన్నాళ్ళకి మామగారు నన్ను పిలిచి, ఇక మీదట ఎవరి వంతులో చెడినా ఇద్దరం కలిసే బాగుచేయిద్దామని చిన్నత్తతో చెప్పమ్మా అన్నారు. నేను గబగబా పోయి చెప్పాను, మోసుకుపోయిన బరువు దించేసుకోవచ్చని. ఆవిడ మిరప చేలో కలుపు పీకుతున్నది పీకుతూనే విని, "పెద్దల ముందు అనుకున్న మాటమ్మా అది. అట్టాగే ఉండనియ్యమని చెప్పు" అన్నది. కోపంగా కాదు. ఆ మాట తిరిగి మామగారికి చెప్పడం కంటే కష్టమైన పని నేను ఈ ఇంట్లో చేయలేదు.

అప్పటినుంచీ ఆవిడ తన వంతు పూర్తయిన ప్రతిసారీ ఇంజనుని గుడ్డపెట్టి తళతళ తుడిచి, ఆయిలు గీత దాకా నింపి, బెల్టు తడి ఆర్చి, పాక ఊడ్చి మాకు అప్పజెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు. మామగారు వెళ్ళి ఆ ఇంజనుని చూసి చాలాసేపు దాని పక్కనే కూర్చునేవారు. రాను రాను ఆయన బావి దగ్గరికి వెళ్ళడమే మానుకుని కూలీ మనిషిని పంపేవారు. గట్టు తగాదాలకి పిలిస్తే మోకాళ్ళ నొప్పులనేవారు. ఇంట్లో ఎలకల మాట ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. వాసాల మీద నిజంగానే ఎలక పరిగెత్తితే, అన్నం తింటున్న ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయేది, మేం అందరం వినపడనట్టు కూర చల్లారిపోతోందనో, వాన వచ్చేట్టుందనో అనేవాళ్ళం.

ఆ పీలికని చిన్నత్తయ్య ఏం చేసిందో నాకు తెలియదు. ఆవిడ పోయినప్పుడు పెట్టె సర్దిన చోట నేనూ ఉన్నాను, కళ్ళు వెతికాయి గానీ కనపడలేదు. మిగిలిన చీర ముక్క మాత్రం నా బొంతలో ఉంది. మీరు చిన్నప్పుడు దాని మీద పొర్లాడారు.

ఇప్పుడు ఊళ్ళో ఎవరి బోరు వాళ్ళది, ఎవరి మోటారు వాళ్ళది. పడుకుని ఫోనులో మీట నొక్కితే చేలో నీళ్ళు పారుతున్నాయి. వంతులు లేవు, అప్పజెప్పడాలు లేవు, బావగార్ల ముందు గొంతు దాచుకునే ఆడవాళ్ళూ లేరు, అది పోయినందుకు నాకేం బాధ లేదు. కానీ మా ఊరి చేల మధ్య ఇప్పుడు ఒకరి ఇంజను చప్పుడు ఇంకొకరు వినరు. ఒకరు నిలబెట్టి వెళ్ళినదాన్ని ఇంకొకరు వచ్చి ముట్టుకుని చూడరు. ముట్టుకుని చూసి తల దించుకునే మనిషీ లేడు. అందులో మంచి ఎంతో చెడు ఎంతో నాకు తెలియడం లేదు, పెద్దదాన్నయ్యాను.

అమ్మాయీ, సీలు వచ్చాక కన్నం అంచుని నున్నగా రుద్దించి కొత్తదానిలాగా చేస్తానన్నావు. నీ ఇష్టం. ఇంజను నీదే. నేను మొన్న ఎలకలనే అన్నాను, ఎన్నేళ్ళయినా నా నోరు మామగారినే కాపాడబోయింది, చిన్నత్తయ్య నేర్పిన మాటతోనే. మీరు నవ్వారు. నవ్వండి, తప్పులేదు, మీకు తెలియదుగా. ఆవిడ ఆ మాట అన్న రోజున మాత్రం ఆ పాకలో ఎవరికీ నవ్వు రాలేదు.